స్నేహితుడి ఇంట్లో గన్ ఉందట, ఎలా అడగాలి?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి నాలుగు. ఈ మధ్యే మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు వచ్చింది. 2023లో అలెన్ మాల్‌లో కాల్పులు జరిగిన దగ్గర్నుంచి మావారు ఇంట్లో పిస్తోలు ఉండాలంటున్నారు. ఇప్పుడిక అడ్డేమీ లేదని పట్టుబట్టారు. మా మరిది హెచ్‌1బీ మీద ఉన్నాడు, మాతోనే ఉంటాడు. వచ్చే నెల తెనాలి నుంచి అత్తమామలు వస్తున్నారు. "ఇంట్లో తుపాకీ ఏమిటర్రా, మనమేమన్నా ఫ్యాక్షనోళ్ళమా" అని అత్తయ్య ఫోన్లోనే గొడవ. ఇదిలా ఉండగా పోయిన శనివారం బాబు స్నేహితుడి ఇంట్లో ఆడుకుని వచ్చి, "వాళ్ళ డాడీ దగ్గర రియల్ గన్ ఉందట" అన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాళ్ళని అడిగితే ఏమనుకుంటారు? వాడికి నాలుగు జాగ్రత్తలు చెబితే సరిపోతుందా? మావారికి ఏం చెప్పను?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ స్నేహితుడి ఇంటి సంగతి తేల్చుకోండి. మీవాడు మళ్ళీ శనివారం వెళతానంటాడు. పిస్తోలు కొనాలా వద్దా అన్నది ఒక నెల ఆగినా మునిగిపోయేదేం లేదు.

తుపాకీ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పోలీసు, బ్యాంకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న గార్డు, లేదంటే పేపర్లో ఫ్యాక్షన్ వార్త. లైసెన్సు ఉన్న పెద్దమనిషి కూడా ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునే ఊళ్ళ నుంచి వచ్చాం. అందుకే "మీ ఇంట్లో గన్ ఉందా" అన్న మాట మన చెవికి "మీరు ఎలాంటి మనుషులు" అన్నట్టు వినబడుతుంది. టెక్సస్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి అలా వినబడదు. ప్యూ రీసెర్చ్ 2023 సర్వేలో అమెరికాలోని పెద్దవాళ్ళలో 32 శాతం తమకి సొంత తుపాకీ ఉందని చెప్పారు. ఉన్నవాళ్ళలో 72 శాతం రక్షణే ముఖ్య కారణమన్నారు. తాత ఇచ్చిన వేట రైఫిలు వాళ్ళకి గరాజ్‌లో ఉండే రంపం లాంటిది. దాని గురించి అడిగితే నొచ్చుకునేవాళ్ళు తక్కువ. సరిగ్గా సేఫ్‌లో పెట్టి తాళం వేసుకునే మనిషైతే ఆ సేఫ్ ఎక్కడ కొన్నాడో, ఎంత బరువో పావుగంట చెప్పి గానీ వదలడు.

అడిగే తీరులోనే ఉంది కిటుకు. "ఉందా" అని అడక్కండి, "తాళం వేసి ఉందా" అని అడగండి. ఉందన్న సంగతి మీకు ముందే తెలుసు కాబట్టి ఉందా లేదా అని కూపీ లాగినట్టు ఉండకూడదు. మెసేజ్‌లో మీ వైపు నుంచి మొదలుపెట్టండి: మా ఇంట్లో కుక్క లేదు, పూల్ లేదు, గన్ లేదు, బాబుకి ఫలానా అలర్జీ ఉంది. తర్వాత మీ ఇంట్లో కుక్క ఉందా, పూల్‌కి కంచె ఉందా, గన్స్ ఉంటే లాక్ చేసి ఉంటాయా అని ఒకే వరుసలో అడిగెయ్యండి. చివర్లో "వి ఆస్క్ ఎవ్రీవన్" అన్న ముక్క చేర్చండి. మెసేజే మేలు, ఎదుటివాళ్ళకి ఆలోచించుకుని జవాబివ్వడానికి వీలుంటుంది. ఇదేమీ మన దేశంవాళ్ళ చాదస్తం కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కలిసి నడిపిన "ఆస్క్" ప్రచారం 2000 నుంచీ ఉంది. ఏటా జూన్ 21న, బడులకి సెలవులిచ్చి పిల్లలు ఇళ్ళంట తిరిగే రోజుల్లో, దాన్ని ప్రత్యేకంగా గుర్తుచేస్తారు.

"సేఫ్‌లో ఉంది, నంబరు మా ఇద్దరికే తెలుసు" అన్నారంటే పంపండి. "పైన క్లోజెట్‌లో ఉంది, మావాడు మంచివాడు, ముట్టుకోడు" అన్నారంటే పంపకండి. గొడవేం పెట్టుకోనక్కర్లేదు, ఆ పిల్లాణ్ణే మీ ఇంటికి పిలవండి. "మావాడికి ఎక్కడుందో తెలియదు" అన్న మాటకి విలువ ఎంతో 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. దాచిన చోటు పిల్లలకి తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మందికి వాళ్ళ పిల్లలే ఎదురు చెప్పారు, మాకు తెలుసని. మా పిల్లలు ఎన్నడూ చేత్తో పట్టుకోలేదన్నవాళ్ళలో 22 శాతం మంది విషయంలో పిల్లలు పట్టుకున్నామన్నారు. మనింట్లో మాత్రం? మైసూర్‌పాక్ డబ్బా ఎక్కడ దాచినా వాసన పట్టెయ్యరూ.

ఈ ప్రశ్న తెలుగువాళ్ళ ఇళ్ళకీ వర్తిస్తుంది. అక్కడే మనం ఎక్కువ తప్పు చేస్తాం. "మనవాళ్ళ దగ్గర ఎందుకుంటుంది" అనుకుని అడగం. గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో వచ్చాక కొనుక్కున్నవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలోనే ఉండొచ్చు, బయటికి చెప్పుకోరంతే. గృహప్రవేశం భోజనాలు గుర్తు తెచ్చుకోండి. పెద్దవాళ్ళంతా కింద కిచెన్ ఐలాండ్ చుట్టూ బిర్యానీ ప్లేట్లతో ఉంటారు. పన్నెండు మంది పిల్లలు పైన గేమ్‌రూమ్‌లో. దాగుడుమూతలు మొదలయ్యాక మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్‌లో దూరకుండా ఎవరాపుతారు? 2003 నుంచి 2021 వరకు ప్రమాదవశాత్తూ తుపాకీ పేలి చనిపోయిన పిల్లల కేసుల్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశీలిస్తే, సుమారు నాలుగింట మూడొంతుల తుపాకులు తూటాలతో నిండి ఉన్నాయి, అంతే భాగం తాళం లేకుండా ఉన్నాయి. తాళం లేనివి ఎక్కువగా దొరికిన చోటు పడక దగ్గర: నైట్‌స్టాండ్ సొరుగు, పరుపు కింద, దిండు కింద. మూడింట రెండు వంతుల మరణాలు పిల్లలు దానితో ఆడుతుంటేనో, ఇంకొకరికి చూపిస్తుంటేనో జరిగినవి.

ఇక నేర్పడం. నేర్పాలి, కానీ దాని మీదే భారం వేయకూడదు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1988లో "ఎడ్డీ ఈగిల్" అనే డేగ బొమ్మతో పిల్లలకి నాలుగు ముక్కలు నేర్పడం మొదలుపెట్టింది: ఆగు, ముట్టుకోకు, పరిగెత్తు, పెద్దవాళ్ళకి చెప్పు. ముక్కలు మంచివే. చిక్కేమిటంటే పిల్లలు వాటిని రెండో ఎక్కంలా గడగడా అప్పజెబుతారు, తుపాకీ ఎదురైనప్పుడు మాత్రం చెయ్యి దాని మీదికే వెళుతుంది. 2001లో పిల్లల వైద్యుల పత్రికలో వచ్చిన ప్రయోగం చూడండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో పావుగంట వదిలారు. సొరుగుల్లో రెండు నీళ్ళ తుపాకులు, పేలకుండా చేసిన అసలు పిస్తోలు ఒకటి దాచారు. 48 మందికి పిస్తోలు దొరికింది. 30 మంది చేతిలోకి తీసుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. ముట్టుకున్నవాళ్ళలో 90 శాతం పైగా అంతకుముందు ఏదో ఒక రకంగా తుపాకీ జాగ్రత్తలు విన్నవాళ్ళే. దొరికినవాళ్ళలో సగం మందికి అది బొమ్మో నిజమో తేలలేదు. మీవాడికి దీపావళి రీలు తుపాకీ, నెర్ఫ్ గన్ తెలుసు. "చివర నారింజ రంగుంటే బొమ్మ" అని మాత్రం నేర్పకండి. రంగు ఎవరైనా గీకెయ్యొచ్చు, వెయ్యొచ్చు. ఏది కనబడినా నిజమే అనుకోవడం ఒక్కటే అలవాటు కావాలి.

నోటితో చెప్పడం కాదు, చేయించాలి. నెర్ఫ్ గన్ ఒకటి సోఫా మీద పెట్టి, దాన్నే నిజమైనది అనుకోమనండి. వాడు గదిలోకి రావాలి, చూడాలి, చేతులు వెనక్కి పెట్టుకోవాలి, వెనుదిరిగి వచ్చి మీకు చెప్పాలి. ముందు మీరు చేసి చూపించండి, తర్వాత వాడు. తప్పు చేస్తే అక్కడే ఆపి మళ్ళీ మొదటి నుంచి. ఐదు నిమిషాల పని, వారంలో నాలుగైదు సార్లు. తర్వాత చెప్పకుండా ఓ రోజు స్టడీ టేబుల్ మీద పెట్టి చూడండి. పిల్లలు తుపాకీని చూసినప్పుడు నిజంగా ఏం చేస్తారో పరీక్షించిన పరిశోధనల్లో, బొమ్మలు చూపించి పాఠం చెప్పడం కంటే ఇలా చేయించడమే మెరుగని తేలింది.

ఇందులో కష్టమైనది స్నేహితుడి ముందు పిరికివాడు అనిపించుకోకుండా బయటపడటం. "చూపిస్తా రా" అన్నప్పుడు తొమ్మిదేళ్ళవాడు "వద్దు, ప్రమాదం" అనడు. వాడికి పరువు పోని ఒక సాకు ఇవ్వండి: "ఐ గాటా గో, మై మామ్ ఈజ్ కాలింగ్." ఆ మాట పది సార్లు అనిపించండి, నవ్వులాటగానే. ఫోనో వాచీయో ఉంటే మీ ఇద్దరికీ ఒక ఎమోజీ గుర్తు పెట్టుకోండి. అది వస్తే మీరు ఫోన్ చేసి ఏదో వంకతో ఇంటికి రమ్మనాలి. వచ్చి చెప్పినందుకు వాణ్ణి గానీ, ఆ పిల్లాణ్ణి గానీ వాడి ముందు తిట్టకూడదు. ఒక్కసారి తిడితే రెండోసారి చెప్పడు. ఈసారి మీకు వచ్చి చెప్పాడు కదా, అందుకు మెచ్చుకున్నారా?

నాలుగేళ్ళ పాపకి ఇవేవీ పనికిరావు. మూడు నాలుగేళ్ళ పిల్లల్లో పావు వంతు మందికి చాలా పిస్తోళ్ళ ట్రిగ్గర్ నొక్కే బలం ఉంటుందని 1995లోనే కొలిచారు. ఐదారేళ్ళకి అది 70 శాతం. చూపుడువేలు చాలకపోతే చిన్నపిల్లలు పిస్తోలును తిప్పి పట్టుకుని రెండు బొటనవేళ్ళతో తోస్తారు. అప్పుడు గొట్టం మూతి ఎటు ఉంటుందో ఊహించుకోండి. పాప విషయంలో తాళం తప్ప వేరే పాఠం లేదు.

మీవారి దగ్గరికి వద్దాం. అలెన్ సంగతి చూసి కొంటున్నారంటే ఒకటి సూటిగా చెప్పాలి. 2023 మే 6న ఆ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో మన తెలుగమ్మాయి ఒకరున్నారు, అందుకే మనందరికీ అది గుండెల్లో దిగింది. కానీ నైట్‌స్టాండ్‌లో పెట్టిన పిస్తోలు మాల్‌లో ఎవరినీ కాపాడదు. ఇంట్లో ఉంచితే ఇంట్లో ఏం జరుగుతుందన్నదే లెక్క. 2021లో అమెరికాలో తుపాకీ మరణాలు 48,830. వాటిలో 26,328 ఆత్మహత్యలు, సగం కంటే ఎక్కువ. మన ఇళ్ళలో దీని గురించి నోరెత్తం. ఉద్యోగం పోయి వీసా అరవై రోజుల గడువు లెక్కబెట్టుకునే మరిది, రేపు హైస్కూలుకెళ్ళి మార్కుల ఒత్తిడిలో పడే కొడుకు, ఎవరికైనా చెడ్డ రాత్రి ఒకటి రావచ్చు. మాత్రలు మింగినవాళ్ళలో చాలామంది బతికి బయటపడతారు, తుపాకీ ఆ రెండో అవకాశం ఇవ్వదు. ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉన్నా, తాగి కోపం పట్టలేని మనిషి ఉన్నా, మా సలహా ఒక్కటే: కొనొద్దు. అలాంటి రాత్రి వస్తే ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చని ఇంట్లో అందరికీ తెలియాలి. అలాంటిదేమీ లేకపోతే కొనడం మీ ఇద్దరి నిర్ణయం, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ముందు క్లాసు, తర్వాతే కొనడం.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టపరమైన అడ్డేమీ లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట తీసుకెళ్ళొచ్చు. అంటే నేర్చుకుని రమ్మని ఎవరూ బలవంతపెట్టరు, అదే తిప్పలు. లైసెన్సు క్లాసు ఇప్పటికీ ఉంది, నాలుగు నుంచి ఆరు గంటలు. మీరూ వెళ్ళండి, వద్దనేవాళ్ళే ముందు వెళ్ళాలి. దాన్ని ఖాళీ చెయ్యడం, తాళం వెయ్యడం మీకూ వచ్చి ఉంటేనే ఆ ఇంట్లో భద్రత.

క్లాసులో మీ ఇద్దరూ చేతికి అలవాటయ్యేదాకా చెయ్యాల్సింది ఖాళీ చేసే వరుస. మామూలు 9 ఎంఎం పిస్తోలులో తూటాలు రెండు చోట్ల ఉంటాయి: పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లో. మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయిందనుకోవడం ప్రాణాలు తీసే పొరపాటు, ఛాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. మూతి మనుషుల్లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన చాచి పెట్టి, మొదట మ్యాగజైన్ తీయాలి. తర్వాత పైన జారే స్లైడ్‌ని వెనక్కి గట్టిగా రెండు మూడు సార్లు లాగితే లోపలున్న తూటా బయట పడుతుంది. ఆ తర్వాత స్లైడ్‌ని వెనక్కి లాక్ చేసి ఛాంబర్‌లోకి కళ్ళతో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. వరుస తిరగబడి ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీశారనుకోండి: పాత తూటా బయటికొస్తుంది, స్లైడ్ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్తది లోపలికి తోస్తుంది. ఒక తూటా కింద పడింది కదా అని ఖాళీ అయిందనుకుంటారు. గ్లాక్ లాంటి కొన్ని పిస్తోళ్ళని శుభ్రం చెయ్యడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, లోపల తూటా ఉండిపోతే అప్పుడు పేలుతుంది. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ కుర్రాడొకడు వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడన్న వార్త మీరూ చూసే ఉంటారు. శుభ్రం చేసే బల్ల ఉన్న గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. ఫోన్ మోగి మధ్యలో లేస్తే, తిరిగొచ్చి మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.

మరో సంగతి. మనూళ్ళో తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఫ్రిస్కోలో గదికీ గదికీ మధ్య అరంగుళం జిప్సం పలకలు రెండు. 9 ఎంఎం తూటా వాటిని దాటి వెళ్ళిపోతుంది. రాత్రి చప్పుడైందని హాల్లోకి పేల్చేముందు పాప మంచం ఏ గోడకి ఆనుకుని ఉందో మీవారికి తెలిసి ఉండాలి.

తాళాల విషయానికొస్తే, డీలరు దగ్గర పిస్తోలు కొంటే తాళమో, భద్రపరిచే సాధనమో దానితో ఇవ్వాలని 2005 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. సాధారణంగా తీగ తాళం ఇస్తారు. చాలాచోట్ల పోలీసు స్టేషన్లలో ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ పేరుతో ఉచితంగా కూడా దొరుకుతాయి. ఆ తీగని ట్రిగ్గర్ చుట్టూ చుట్టి వదిలేస్తే లాభం లేదు. స్లైడ్ వెనక్కి ఉంచి, తూటా బయట పడే పైనున్న కిటికీలోంచి దూర్చి, పిడిలో మ్యాగజైన్ పెట్టే ఖాళీలోంచి కిందికి లాగి తాళం వెయ్యాలి. అప్పుడు స్లైడ్ మూసుకోదు, మ్యాగజైన్ ఎక్కదు. నంబరు నొక్కితే తెరుచుకునే చిన్న ఉక్కు పెట్టె కొంటే దాన్ని గోడ లోపలి చెక్క స్టడ్‌కి మరలతో బిగించండి, లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. పుట్టినరోజులు, ఇంటి నంబరు, ఐప్యాడ్ పాస్‌కోడ్ వద్దు. అత్యవసర తాళంచెవి దేవుడి గూట్లో పెట్టకండి, మీవాడికి ఆ చోటు మీకంటే బాగా తెలుసు. వేలిముద్ర పెట్టె కొంటే ఇంట్లో మిగతా అందరి వేళ్ళూ పెట్టించి చూడండి. 2023 అక్టోబరులో దాదాపు 61,000 పెట్టెలు వెనక్కి పిలిచారు, ముద్ర సరిగ్గా నమోదు చెయ్యకపోతే ఎవరి వేలికైనా తెరుచుకుంటున్నాయని. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో. పట్టుచీరల మడతల కింద దాచడం దాచడం కాదు.

చట్టమూ దీన్ని చూస్తూ ఊరుకోదు. తూటాలు నింపిన తుపాకీ పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరం. పిల్లవాడు పేల్చి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడ్డా ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు.

మీ మరిది విషయం అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, బీ2, ఏ తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకైనా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం నిషేధం. శిక్ష 15 ఏళ్ళ వరకు, పైగా తుపాకీ నేరం దేశం నుంచి పంపెయ్యడానికి ఒక కారణం అవుతుంది. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అరగంట అద్దెకి తీసుకున్నా కలిగి ఉన్నట్టే. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, దాని పేరు చెప్పి కొనుక్కునే కుర్రాళ్ళూ ఉన్నారు. టెక్సస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చెయ్యడం మరిచిపోతే సెప్టెంబరు 1 పొద్దున అదే తుపాకీ నేరమైపోతుంది. అతను ఆ దారిలో వెళ్ళాలనుకుంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా వద్దు. చేత్తో ముట్టుకోకపోయినా, అందుబాటులో ఉండి తీసుకోగలిగే స్థితి ఉంటే దాన్నీ కలిగి ఉండటం కిందే చూడొచ్చు. అందుకని పెట్టె నంబరు మీ మరిదికీ, వచ్చే అత్తమామలకీ తెలియకూడదు. "ఎవరైనా రాత్రిపూట వస్తే నాన్నగారికి పనికొస్తుంది" అని మీవారు అనొచ్చు. కుదరదు.

అత్తగారితో వాదించకండి. ఆవిడ వచ్చాక గోడకి బిగించిన పెట్టె చూపించండి, నంబరు అడిగితే చెప్పబోమని కూడా ముందే చెప్పండి.

ఆఖరుది చాలామందికి తట్టని విషయం. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాక్‌ప్యాక్‌ని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. పక్క జేబులో అడుగున ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో స్కానర్ పట్టేస్తుంది, ఆయుధాల చట్టం కింద కేసు రాస్తారు. మరిచిపోయానని కోర్టులో నిరూపించుకునేలోపు సెలవంతా అయిపోతుంది. రేంజ్‌కి వేరే సంచి ఒకటి కొని, దాన్ని గరాజ్ దాటి లోపలికి రానివ్వకండి.